ఏడూ నలభై బస్సు

ఆ రోజు పొద్దున గోవిందస్వామి మజ్జిగను కంచంలో పోసుకోబోయి కంచం పక్కన నేల మీద పోశాడు. గడప దగ్గర కూర్చుని జడ వేసుకుంటున్న పంకజాక్షి అది చూసింది. చూసి కూడా ఏమీ అడగలేదు. తండ్రీకూతుళ్ళ మధ్య తెల్లవారుజామునే మొదలైన వాదన ఇంకా తెగలేదు మరి.

"నేను ప్రైవేటు బస్సులో పోతాను నాయనా. అది ఏడున్నరకు కదిలితే తొమ్మిదింబావుకల్లా తిరుపతిలో ఉంటాది," అంది మూడోసారి.

"ఆ బండెక్కేదానికి నేను ఒప్పుకోను," అన్నాడు గోవిందస్వామి తలెత్తకుండా. "మలుపు తిరిగేటప్పుడు కూడా వాడు హారను కొడతాడే గానీ బ్రేకు తొక్కడు."

"నువ్వు బ్రేకు తప్ప ఇంకేం తొక్కవు."

పొయ్యి దగ్గర నుంచి మునిరత్నమ్మ వెనక్కి తిరిగింది. "నోరు అదుపులో పెట్టుకో పాపా. ఎవురితో మాట్లాడతా ఉండావు?"

"లేటుగా పోతే ఆఫీసు హాజరు పుస్తకంలో ఎర్ర సిరా పడేది నా పేరు ముందర కదమ్మా, నీకేం తెలుస్తాది?" అంది పంకజాక్షి. గోవిందస్వామి చెయ్యి కడుక్కుని, కొక్కేనికున్న ఖాకీ చొక్కా తొడుక్కుని డిపోకు వెళ్ళిపోయాడు.

చిత్తూరు నుంచి తిరుపతికి ఏడూ నలభైకి బయలుదేరే బస్సుకు గోవిందస్వామి డ్రైవరు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో ఒక కోడిపిల్లను కూడా తొక్కలేదని డిపోలో పేరు. ఆయన ఒక్కగానొక్క కూతురు పంకజాక్షి తిరుపతిలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. డెబ్బై ఎనిమిదిలో చేరింది, ఇంకా ఖాయం కాలేదు. వచ్చే నెలాఖరుకు సూపరింటెండెంటు బాలసుబ్రమణ్యం రిపోర్టు రాస్తే ఉంటుంది, లేకపోతే పోతుంది. పెళ్ళికాని పిల్లను తిరుపతిలో ఒంటరిగా గది తీసిపెట్టి ఉంచేదానికి ఇంట్లో ఒప్పుకోరు. కాబట్టి రోజూ రెండు గంటలు పోను, రెండు గంటలు రాను.

బస్సులో ఒక పద్ధతి ఉంది. అది గోవిందస్వామి పెట్టిందే. మొదటి రోజే చెప్పాడు. "బండెక్కితే నువ్వు ప్యాసెంజరు, నేను డ్రైవరు. నాయనా గీయనా అని పిలవద్దు. డ్రైవరు కూతురని ముందర సీటు పట్టేదీ ఉండకూడదు." పంకజాక్షికి అది అప్పట్లో కష్టంగా తోచింది. నెల తిరిగేసరికి హాయిగా అనిపించింది. ఎందుకంటే ఆ బస్సులో ఆ డ్రైవరును తిట్టుకోని రోజు లేదు. ఆయన తన తండ్రి అని కండక్టరు కాశిం సాహెబుకు తప్ప ఎవరికీ తెలియకపోవడమే మేలనుకుంది.

ఆ రోజూ అంతే. కిటికీల్లోంచి తువ్వాళ్ళు పడ్డాయి, సీట్లు నిండాయి, బస్సు కదిలింది. పూతలపట్టు దాకా బాగానే పోయింది. అక్కడ పెరుగు బిందెలతో ఇద్దరు ఆడవాళ్ళు పొలం గట్టు మీద పరుగెత్తుకొస్తుంటే, వాళ్ళు రోడ్డెక్కేదాకా బస్సు ఆగింది. అక్కడి నుంచి అసలు కష్టం మొదలు. ఎదురుగా లారీ కనబడితే చాలు, ఆ మహానుభావుడు బండిని ఎడమ పక్క మట్టిలోకి దించేసి, లారీ పోయేదాకా నత్త నడక నడిపిస్తాడు. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట కూడా అంతే. ఈలోగా ప్రైవేటు బస్సు వెనక నుంచి చెవులు చిల్లులు పడేలా హారను మోగించుకుంటూ, దుమ్మంతా వీళ్ళ మొహాన కొట్టి దాటిపోయింది. కిటికీలోంచి దాని క్లీనరు చెయ్యి ఊపాడు.

"చూడండప్పా, కుదురుగా కూర్చుని మర్యాద చేయించుకుంటా ఉండాము," అన్నాడు రాజారత్నం. తిరుపతిలో పంకజాక్షి ఆఫీసుకు ఎదురుగా ఉన్న ఆఫీసులోనే ఆయన పని. రోజూ వచ్చే పాతిక మందికి పెద్ద తానేనని అనుకుంటాడు. "ఈయన లారీకి భయపడే డ్రైవరు. ఎడ్లబండి తోలుకోవలసినోణ్ణి తెచ్చి మన నెత్తిన పెట్టినారు."

అందరూ నవ్వారు. పంకజాక్షి కిటికీ బయటికి చూసింది. అద్దంలో తండ్రి మొహం కనబడుతుందేమోనని ఆమె ఎప్పుడూ ముందుకు చూడదు.

తిరుపతిలో దిగేసరికి పదీ ఇరవై. పరుగెత్తి ఆఫీసు చేరేసరికి హాజరు పుస్తకం సూపరింటెండెంటు బల్ల మీదికి పోయింది. బాలసుబ్రమణ్యం అరిచే మనిషి కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ నెలలో ఇది ఏడో ఎర్ర గుర్తమ్మా. నీ పని బాగుండాది. నీ రాత ఈ ఆఫీసులో ఎవురికీ రాదు. కానీ టైముకు రాని మనిషిని ఖాయం చెయ్యమని నేను ఏ చేత్తో రాసేది?"

బస్సు లేటని చెబితే తన తండ్రి మీద చెప్పినట్టవుతుందని, ఆమె ఎర్ర గుర్తు పక్కన సంతకం చేసి తన బల్ల దగ్గరికి పోయింది. మధ్యాహ్నం డబ్బా విప్పింది గానీ అన్నం లోపలికి పోలేదు.

సాయంత్రం బస్టాండు బెంచీ మీద రాజారత్నం నాలుగు తెల్ల కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. తిరుగు బస్సు నడిపేది వేరే డ్రైవరు. గోవిందస్వామి మూడు గంటలకల్లా చిత్తూరు చేరిపోతాడు.

"డిపో మేనేజరుకు అర్జీ పెడదామమ్మా. మా రాతలు కోడి గీకినట్టుంటాయి. నువ్వు రాయి, నేను చెబుతా. అందరం సంతకాలు పెడతాము."

ఆ డ్రైవరు మా నాయన అని ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. కాగితం తీసుకుంది. రాజారత్నం చెప్పింది చెప్పినట్టు రాసింది. సదరు డ్రైవరు ఎక్కడపడితే అక్కడ ఆపుచున్నాడనీ, లారీలను చూసి జంకుచున్నాడనీ, ఉద్యోగస్తులు నష్టపోవుచున్నారనీ రాసింది. రాజారత్నం చెప్పడం ఆపాడు. ఆమె కలం ఆగలేదు. పొద్దున నేల మీద పారిన మజ్జిగ కళ్ళ ముందు మెదిలింది. 'సదరు డ్రైవరుకు చూపు సరిగా ఉన్నట్టు లేదు, పరీక్ష చేయించవలెను' అని తనకు తానుగా ఒక వాక్యం కలిపింది.

"భేషుగ్గా ఉందమ్మా," అన్నాడు రాజారత్నం. ఆ సంతకాల్లో తొమ్మిదోది పంకజాక్షిది. చదవడానికి వీల్లేకుండా గీసింది.

మరుసటి శనివారం దాకా ఏమీ జరగలేదు. ఆమెకు తెలిసినంతవరకు ఏమీ జరగలేదు. ఆదివారం పొద్దున తల స్నానం చేసి వచ్చేసరికి గోవిందస్వామి వసారాలో చాప పరిచి, దాని మీద ఇంటి కలం, సిరా బుడ్డి, రెండు కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు.

పంకజాక్షి తువ్వాలుతో అక్కడే ఆగింది. ఆ ఇంట్లో అదొక ఆనవాయితీ. గోవిందస్వామికి సంతకం చెయ్యడం తప్ప రాయడం రాదు. పంకజాక్షి ఐదో తరగతికి వచ్చిన నాటి నుంచి ఆయన సెలవు చీటీలు, సంజాయిషీలు అన్నీ ఆమే రాస్తుంది. ఆయన చెబుతాడు, ఆమె రాస్తుంది, చివర్లో ఆయన నాలిక కొరుక్కుంటూ సంతకం పెడతాడు.

"ఏంది నాయనా?"

"మేనేజరు మెమో ఇచ్చినాడు. ప్యాసెంజర్లు అర్జీ పెట్టినారంట. జవాబు ఇయ్యల్ల. కూర్సో."

ఆమె కూర్చుంది. వంటింట్లో దోసె వేస్తున్న చప్పుడు ఆగింది. మునిరత్నమ్మ గరిటెతోనే గడపలోకి వచ్చి నిలబడింది.

"అయ్యా అని రాసుకో," అన్నాడు గోవిందస్వామి.

రాసింది. ఆ తర్వాత ఆయన చెప్పేదాకా ఆగలేకపోయింది. "'నా చూపుకు ఏ లోపమూ లేదు, ఎవరో కిట్టనివాళ్ళు రాసినారు' అని రాస్తాను నాయనా. అట్లా రాస్తే సరిపోతాది."

"నేను సెప్పింది రాయి."

"అది కాదు నాయనా..."

"సెప్పింది రాయి పాపా. నా కుడి కంటికి సంవత్సరంగా పొర పట్టి ఉండాది. ఎదురుగా వచ్చే లారీ ఒకటి రెండుగా కనబడతా ఉండాది. కాబట్టి బండిని పక్కకు దించి నిలబెడతా ఉండాను. రాసినావా?"

పంకజాక్షి చెయ్యి కదల్లేదు. కలం మొనలోని సిరా బొట్టు కాగితం మీద జారి పెద్దదైంది.

"పోయిన కంటి పరీక్షలో బోర్డు మీది అంకెలు బట్టీ పట్టి సెప్పినాను. అది తప్పే. ఒప్పుకుంటా ఉండాను. ఆ అర్జీ రాసినోళ్ళ మీద నాకు ఎట్లాంటి కోపమూ లేదు. వాళ్ళు ఉండేదే రాసినారు. ఇదంతా రాయి."

"నాయనా," అంది.

"మేనేజరు సదివి వినిపించినాడు. ఆమీట కాగితం నా సేతికిచ్చినాడు," అన్నాడు గోవిందస్వామి. ఆయన గొంతులో కోపం లేదు, అదే భరించరాకుండా ఉంది. "నాకు సదువు రాదు. కానీ పదమూడేండ్లుగా నా సంతకం పైన ఉండే రాత ఎవురిదో గుర్తు పట్టలేనా? సంతకం గీకేసినావు గానీ, రాతను దాసలేకపోయినావు."

గడపలో మునిరత్నమ్మ గరిటె కింద పెట్టింది. కాసేపు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూతురి ముందుకు వచ్చి కూర్చుంది.

"నువ్వా రాసింది? మీ నాయన మీద నువ్వు అర్జీ రాసినావా?"

"నా ఉద్యోగం పోతుందమ్మా. ఏడు ఎర్ర గుర్తులు. ఏం చెయ్యాలో తెలియలేదు."

"నీ ఉద్యోగం," అంది మునిరత్నమ్మ నెమ్మదిగా. "మీ నాయన సీనియరు. టౌను బస్సు తీసుకోమని డిపోలో అడిగినారు. లారీలుండవు, మధ్యాన్నం ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. కంటికి కూడా అదే మేలు. వద్దన్నాడు. నువ్వు ఉద్యోగంలో సేరిన వారానికే ఈ తిరుపతి బండి అడిగి ఏయించుకున్నాడు. ఎందుకో అడుగు."

"ఊరుకోమే," అన్నాడు గోవిందస్వామి.

"నేను ఊరుకోను. సాయంత్రం ఎట్లాగూ ఇంకొకడి బండే, పొద్దున కూడా పాపను ఇంకొకడికి అప్పజెప్పి నేను నిమ్మళంగా ఉండలేను అన్నాడు. ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఓర్సుకుంటే సాలు, ఆమీట కన్ను సూపించుకుంటానన్నాడు. ఎన్నిసార్లు మొత్తుకున్నానో నాకు తెలుసు."

పంకజాక్షి తలెత్తి తండ్రిని చూసింది. ఆయన కుడి కన్ను మీద సన్నటి తెల్లదనం ఉంది. ఒకే ఇంట్లో, ఒకే బస్సులో ఉండి సంవత్సరంగా ఆ కన్ను వైపు తాను సరిగా చూడలేదు. నవ్వే వాళ్ళ మధ్య కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఏడుపు తన్నుకొచ్చింది. కాగితం పక్కకు తోసి ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది.

"నేను చెడ్డదాన్ని నాయనా."

"ఏడవద్దు. కాగితం తడిసిపోతాది." కాసేపటికి మళ్ళీ ఆయనే అన్నాడు. "తప్పు నాది గూడా ఉండాది పాపా. నిన్ను కాపాడుకుంటా ఉండానని అనుకున్నాను గానీ, నీ వెనక యాభై మంది ఉండారే. వాళ్ళ బిడ్డలకు వాళ్ళూ నాయనలే గదా. నీ రాత సూసినాకే ఆ సంగతి నాకు బుర్రకెక్కింది. ఇంక రాయి. స్టీరింగు నుంచి తప్పించి షెడ్డులో ఏ పని ఇచ్చినా సేస్తాను అని రాయి."

ఆమె కళ్ళు తుడుచుకుని రాసింది. అంత కష్టమైన సంజాయిషీ ఆమె ఎప్పుడూ రాయలేదు. చివర ఆయన నాలిక కొరుక్కుంటూ సంతకం పెట్టాడు.

మూడు వారాల తర్వాత గోవిందస్వామి కంటి ఆపరేషనుకు తిరుపతి బయలుదేరాడు. షెడ్డు పనికి మారాక ఆయన ఖాకీ వేసుకోలేదు. తెల్ల పంచె, తెల్ల చొక్కాతో ఏడూ నలభై బస్సెక్కి, కాశిం సాహెబు పట్టి ఉంచిన సీట్లో కూతురి పక్కన కూర్చున్నాడు. ఖాకీ లేని ఆ మనిషిని బస్సులో ఎవరూ గుర్తు పట్టలేదు. కొత్త డ్రైవరు కుర్రవాడు. పూతలపట్టులో పెరుగు బిందెల ఆడవాళ్ళు గట్టు మీద చెయ్యెత్తారు. బస్సు ఆగలేదు.

"ఇప్పుడు చూడమ్మా, రోజూ తొమ్మిదీ నలభైకే తిరుపతి," అన్నాడు రాజారత్నం వెనక సీట్లోంచి ఉత్సాహంగా. "మన అర్జీ పనిచేసింది. ఆ గుడ్డి డ్రైవరు ఎక్కడ పోయినాడో గానీ, మన శని వదిలింది."

గోవిందస్వామి కిటికీ వైపు తిరిగాడు. ఎన్నాళ్ళుగానో ఆ బస్సులో పంకజాక్షి కూడా అలాగే తిరిగేది. ఈసారి ఆమె లేచి నిలబడింది. పై కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఎక్కడికీ పోలేదు రాజారత్నం గారూ. ఇక్కడే కూర్చోని ఉండాడు. ఆయన మా నాయన."

రాజారత్నం చేతిలోని పేపరు ఒళ్ళోకి జారింది.

"ఇన్ని రోజులూ మీకు చెప్పేదానికి సిగ్గుపడినాను. ఆ అర్జీలో చూపు సంగతి కలిపింది నేనే. ఆయన నెమ్మదిగా నడిపినందుకే మనమంతా రోజూ ఇళ్ళు చేరినాము."

ఆమె కూర్చుంది. గోవిందస్వామి ఆమె వైపు చూడకుండానే గొంతు తగ్గించి అన్నాడు.

"బండెక్కితే నువ్వు ప్యాసెంజరువని సెప్పినా గదా."

"ఈ పొద్దు నువ్వూ ప్యాసెంజరే గదా నాయనా."

ఆయన పంచె సర్దుకున్నాడు. చంద్రగిరి దాటాక ఎదురుగా కట్టెల లారీ వచ్చింది. కుర్ర డ్రైవరు వేగం తగ్గించలేదు. గోవిందస్వామి కుడి పాదం బస్సు నేలను గట్టిగా నొక్కింది. ఆయన పాదం పక్కనే, తనకు తెలియకుండానే, పంకజాక్షి పాదం కూడా నొక్కింది.