గూబ మెడ మీది సుడి

భద్రమ్మ టేబుల్ మీదికి ఒక ఫోటో విసిరింది. అందులో ముఖం లేదు. మెడ మాత్రమే ఉంది. మురికి పట్టిన కాలరు పైన, గొంతుముడికి ఎడమ పక్కన, వెంట్రుకలు గిర్రున తిరిగి సుడిగా పెరిగిన మెడ.

ఏజెంట్ శశికుమార్ ఆ ఫోటోను వేలి కొనతో దూరంగా నెట్టాడు. "ఎవరు మేడమ్ ఇది?"

"కోడ్ నేమ్ గూబ. విదేశీ ముఠాకి ఇక్కడి చీఫ్. రెండుసార్లు ముఖం మార్పించుకున్నాడు. వేలిముద్రలు కాల్పించుకున్నాడు. మెడ మీది వెంట్రుక వాలు మాత్రం మార్చుకోలేకపోయినాడు."

అనంతపురంలో నూనె మిల్లు వెనక ఉన్న ఆ గదికి బయట పశువుల దాణా బోర్డు ఉంది. ఆ బోర్డు వెనక నడిచే గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి భద్రమ్మ డైరెక్టర్. బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించింది. ఆ ముఠా నిన్న జియాలజిస్ట్ హేమను కిడ్నాప్ చేసింది. వజ్రకరూరు నేల కింద వజ్రాల రాయి ఎక్కడుందో ఆమె తయారు చేసిన మ్యాప్ వాళ్ల చేతిలో పడింది. శుక్రవారం గూబ స్వయంగా వచ్చి ఆ నేలను చూసుకుంటాడు. మ్యాప్ సరిగ్గా ఉంటే పన్నెండు గంటలకు ఒక ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ మోగిందంటే హేమను కాల్చేస్తారు.

"వచ్చినవాళ్లందరినీ పట్టుకుంటే?"

"వచ్చేవాళ్లలో హేమ ఎక్కడుందో తెలిసినవాడు గూబ ఒక్కడే. తప్పు మనిషి మీద చెయ్యేస్తే అసలువాడు ఫోన్ నొక్కేస్తాడు. ఆ ముఠాలో మన మనిషి పద్మప్రియ ఉంది. వాళ్లను గడ్డం గీయించే నెపంతో షాపుకు తెస్తుంది. నువ్వు మెడలు చూడాల."

"గడ్డం నేను గీయాలా?"

"మూడు రోజులు టైముంది. నేర్చుకో."

వజ్రకరూరులో అంజినప్పది ఒక కుర్చీ, ఒక అద్దం ఉన్న షాపు. నలభై ఏళ్లుగా మంగలి కత్తి తప్ప ఇంకొకటి పట్టనివాడు. మొదటి రోజంతా శశికుమార్ చేతికి కత్తే ఇవ్వలేదు.

"ముందు ఏలు పెట్టి నిమురప్పా. యా పక్క నున్నగుంటే వెంట్రుక ఆ పక్కకు వాలినట్టు. మెడ మీద జానెడు జాగాలో నాలుగు దిక్కులకూ పోతాది. తోలు బొటనేలితో సాగదీసి, కత్తి వాల్చి పట్టి, వాలు వెంబడే చిన్నచిన్నగా గీయల్ల."

"ఎదురు గీస్తే?"

"నున్నగా కనిపిస్తాది. తెగిన వెంట్రుక తోలు లోపలికి ముడుచుకుంటాది. రెండు దినాలకు చీముగడ్డ. నా షాపులో ఎదురు కత్తి లేదు."

గొంతుముడి దగ్గరికి వచ్చినప్పుడు ముసలాయన "మింగు" అనేవాడు. కుర్చీలో మనిషి గుటక వేసి పట్టుకుంటే ముడి పైకి లేచి, తోలు బిగుసుకుని, కత్తికి దారి దొరికేది.

మూడు రోజుల్లో శశికుమార్ అరవై మెడలు చూశాడు. చెమట, మట్టి, ముడతల్లో నల్లటి మురికి చారలు. ఒకప్పుడు శత్రువుల డ్రైనేజీ గొట్టంలో రాత్రంతా పడుకున్న మనిషి, సాయంత్రమయ్యేసరికి అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. అతనికి మనుషుల మీద అసహ్యం లేదు. మెడల మీదే.

శుక్రవారం. ముందురోజు వాన పడింది. వానకు మట్టి కొట్టుకుపోయి పైకి తేలే వజ్రాలు వెతికేవాళ్లతో చేలు నిండిపోయాయి. పదకొండున్నరకు షాపు ముందు నల్ల కారు ఆగింది. పద్మప్రియ దిగింది. సిల్కు చీర, చలువ కళ్లద్దాలు, షాపు కంపునే తరిమేసే సెంటు. వెనకే ఇద్దరు వ్యాపారులు, మెడకు మఫ్లర్ చుట్టుకున్న డ్రైవరు.

"చేపట్టిన పని నున్నగా ఉండాలి," అంది. కోడ్ వర్డ్.

"నీళ్లు వేడిగా ఉన్నాయమ్మా," అన్నాడు శశికుమార్. జవాబు.

మొదటివాడి మెడ మీద వక్కాకు రసం చారలు కట్టి ఎండిపోయింది. తుడిచి చూస్తే వెంట్రుకలన్నీ బుద్ధిగా కిందికి వాలాయి. రెండోవాడి మెడ నుంచి జుట్టుకేసిన రంగు, జిడ్డు కలిసి కత్తికి జిగురులా అంటుకున్నాయి. ఛీ అనుకుంటూనే నిమిరాడు. అక్కడా సుడి లేదు.

డ్రైవరు మఫ్లర్ తీశాడు. మెడంతా పసుపు పచ్చటి గడ్డలు. కొన్ని పగిలి, అట్టకట్టి, దాని మీద ఈగ. శశికుమార్ ముఖం తిప్పుకున్నాడు.

"మానినాక రా అన్నా."

"వాణ్ణి ముట్టుకోకు, అంటుకుంటుంది! ఉత్త డ్రైవరు," అంది పద్మప్రియ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. తర్వాత శశికుమార్ చెవిలో, "రెండోవాడే గూబ. అరెస్ట్ చెయ్యి," అని ఊదింది.

గోడ గడియారంలో పదకొండూ యాభై. బెంచీ మీద కూర్చున్న అంజినప్ప నేల చూపులు చూస్తూ గొణిగాడు.

"నువ్వు ఆ మెడ చూడలేదప్పా. మొగం తిప్పుకున్నావు. గడ్డలు గుండ్రంగా లేసినాయి. ఎవురో ఎదురు కత్తి ఏసినారు ఆడ."

గుండ్రంగా. సుడిని కనపడకుండా చెయ్యాలని ఎవడో ఎదురు గీశాడు. గీసిన చోటే చీము పట్టింది. ఆ చీమే ఇప్పుడు ముసుగు. మెడలంటే గిట్టని ఏజెంట్ నుంచి దాక్కోవడానికి ఇంతకంటే మంచి మారువేషం లేదు. పద్మప్రియ ముట్టుకోవద్దన్నది అంటుకుంటుందని కాదు, గూబను దాచాలని. ఆమె వాళ్ల మనిషే.

డ్రైవరు అప్పటికే కారు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. శశికుమార్ గుమ్మంలోకి వెళ్లాడు. "అన్నా, దురద పెడతాందా? రా. ఎదురు లేకుండా గీసి, పటిక రాసి పంపిస్తా."

"వద్దు!" అంది పద్మప్రియ.

డ్రైవరు తటపటాయించాడు. చెయ్యి మెడ దాకా పోయి ఆగింది. ఆరు దేశాల పోలీసులకు దొరకనివాడు దురదకు దొరికాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

వేడి తువ్వాలు వేసి తీస్తే దానికి పొక్కులు అంటుకొచ్చాయి. కుళ్లిన వాసన. శశికుమార్ ఊపిరి బిగబట్టి వేలు పెట్టాడు. గడ్డల మధ్య మొలకెత్తిన రెండు రోజుల వెంట్రుక వేలి కింద పైకి, పక్కకు, కిందికి తిరిగింది. కత్తి వాల్చి వాలు వెంబడి గీశాడు. ఒక గడ్డ చిట్లి చీము అతని మణికట్టు మీదికి కారింది. తుడుచుకోకుండానే గీస్తూ పోయాడు. నురగ పోయిన చోట సుడి బయటపడింది. ఫోటోలోదే.

పదకొండూ యాభై తొమ్మిది. మెడకు కట్టిన గుడ్డ కింద గూబ చెయ్యి కదిలింది. ఫోన్.

శశికుమార్ బ్రష్ పిడి నొక్కాడు. అందులో ఫోన్ సిగ్నల్‌ను ఆపే జామర్ ఉంది. తొంభై సెకన్లు పనిచేస్తుంది, అంతే.

"మింగు," అన్నాడు.

గూబ అలవాటుగా గుటక వేశాడు. ముడి పైకి లేచింది. కత్తి దాని కింద ఆనింది. ఇక ముడి దిగడానికి లేదు.

"హేమ యాడుండాది?"

పద్మప్రియ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. అంజినప్ప గిన్నెడు సబ్బునురగ ఆమె కళ్లల్లో కొట్టాడు. ఆటోడ్రైవర్ల వేషంలో బయట ఉన్న టీమ్ లోపలికి దూకి ఆమెనీ, వ్యాపారులనూ పట్టుకుంది.

జామర్‌కి ఇంకా నలభై సెకన్లు. ముప్పై.

"చెప్పకుంటే ఎదురు కత్తి ఏయప్పా," అన్నాడు అంజినప్ప.

శశికుమార్ కత్తి తిప్పాడు. పచ్చి గడ్డల మీద అంచు ఆనగానే గూబ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కంబదూరు... శనక్కాయల గోడౌను... తియ్యి, తియ్యి!"

జామర్ ఆగేసరికి గూబ ఫోన్ శశికుమార్ చేతిలో ఉంది. జిల్లా అంతటా కాచుకున్న టీముల్లో కంబదూరుకు దగ్గర ఉన్నది పావుగంటలో గోడౌను తలుపులు పగలగొట్టింది. "హేమ సేఫ్," అన్నాడు ఫోన్‌లో ఆ టీమ్ లీడర్. శశికుమార్ తలుపు చెక్కకు ఆనుకుని, నాలుగు రోజుల్లో మొదటిసారి గట్టిగా గాలి పీల్చుకున్నాడు. షాపు గాలి. వెంటనే పశ్చాత్తాపపడ్డాడు.

సంకెళ్లు వేసి గూబను లేపబోతే అంజినప్ప గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమప్పా, సగం గీసిన మెడతో నా గడప దాటిస్తారా? నలభై ఏండ్లలో అట్ల పోయినోడు లేడు. కూచోబెట్టండి. నువ్వు మొదలుపెట్టినావు, నువ్వే ముగించు."

టీమంతా శశికుమార్ వైపు చూసింది. గూబ కుడి మెడ మీద ఈగ వాలింది.

ఆ మిషన్ రిపోర్టులో అన్నీ ఉన్నాయి. దేశం కోసం అతను నిజంగా చేసిన త్యాగం, ఆ రెండో సగం, ఒక్కటే లేదు.