దిగాల్సిన ముల్లు

"ముసలాయన రేపు వాషింగ్టన్‌లో నోరు విప్పాలి. అందాకా ఆయన ప్రాణం నీ పూచీ" అన్నాడు ఫోన్‌లో చీఫ్ హోలిస్.

"సరే సార్."

"కోడ్?"

"సూప్ వేడిగా ఉందా అని మీరడుగుతారు. ఉప్పు తక్కువైందంటే అంతా క్షేమం."

కార్ల్ నైగార్డ్ ఫోన్ పెట్టేసి తెల్లకోటు సర్దుకున్నాడు. మిన్నెసోటాలోని ఆ కాలేజీలో అతనిది ల్యాబ్ అసిస్టెంట్ వేషం. ముసలాయనంటే ప్రొఫెసర్ హరస్తీ. శత్రువుల గూఢచారుల పేర్లన్నీ కడుపులో పెట్టుకుని పారిపోయి వచ్చినవాడు. ఆయన్ని దాచింది భలే చోటు లెండి. మనిషి ఒంట్లోంచి ఎంత వేడి వస్తుందో కొలిచే ఉక్కుగది అది. లోపల ఏదైనా వేడి కక్కితే బయట డయల్ మీద ముల్లు లేస్తుంది. పీల్చుకుంటే దిగుతుంది. తిండి వెళ్లేది గోడలోని రెండు తలుపుల పెట్టెలోంచే, అదీ విప్పి చూశాకే.

ఆ మధ్యాహ్నం మార్లిస్ డెకర్ వచ్చింది. నక్కతోలు కోటు, ఎర్రటి పెదాలు. శత్రువుల దగ్గర కొలువు చేస్తూ మనవాళ్లకు కబుర్లు చేరవేసే మనిషి. ఆమెకు హామీ ఉన్నవాడు కార్లే. పెళ్లి మాట కూడా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది, పాపం.

"ఆపిల్ కేకు, నేనే చేశా. నిన్నటి నుంచి కారులో ఉండి రాయిలా గడ్డకట్టింది. విప్పకు, పైన క్రీమ్ చెదిరిపోతుంది. కరిగాకే కోయమను."

"నీ చేతి వంటా? ముసలాయన నిజంగానే పోతాడు."

మార్లిస్ కాస్త ఆలస్యంగా నవ్వింది. కార్ల్ విప్పకుండానే లోపలికి పంపాడు.

"కాఫీ తాగి వెళ్లు."

"టైమ్ లేదు కార్ల్" అంటూ ఆమె గ్లవ్స్ తొడుక్కుంటోంది.

కార్ల్ డయల్ చూశాడు. అంత మంచుగడ్డ కరుగుతుంటే గదిలో వేడిని తాగాలి, ముల్లు దిగాలి. దిగలేదు. లేస్తోంది. గది కిటికీ అద్దంలోంచి చూస్తే హరస్తీ మంచం మీద కదలకుండా పేపరు చదువుతున్నాడు. తప్పు డయల్‌దైతే బాగుండునని కార్ల్ దాన్ని వేలితో తట్టాడు. ముల్లు ఇంకాస్త లేచింది. కేకు లోపల ఏదో రసాయనం పనిచేస్తోంది. టైమ్ ఫ్యూజు, అంటే అది బాంబే.

మైకు అందుకున్నాడు. "ప్రొఫెసర్ గారూ, కేకు మళ్లీ పెట్టెలో పెట్టండి. మెల్లగా."

"ఏమయ్యా, రోజూ ఉడికిన బంగాళాదుంపేనా నాకు?"

"పెట్టండి."

కార్ల్ కేకు బయటికి తీసి వెనక్కి తిరిగేసరికి మార్లిస్ చేతిలో సిగరెట్ లైటర్ ఉంది. దాంట్లో ఒక్క తూటా ఉంటుంది. ఇచ్చింది అతనే.

"అది అక్కడే పెట్టేయ్. నాతో వచ్చేయ్, బతుకుతావు."

"కాల్చు. నేను పడితే కేకూ పడుతుంది, నీ కాళ్ల దగ్గరే."

ఆమె కళ్లు కేకు మీదికి వాలాయి. అంతే, కార్ల్ భుజంతో ఆమెను తోసేసి, వెనక తలుపు తన్ని, మంచుమైదానంలోకి కేకు విసిరాడు. అది నేల తాకకముందే పేలింది. కిటికీలు గలగలా రాలాయి.

కార్ల్ లైటర్ లాక్కుని మార్లిస్‌కు బేడీలు వేశాడు. ఫోన్ మోగింది.

"సూప్ వేడిగా ఉందా?"

"ఉప్పు తక్కువైంది సార్" అన్నాడు కార్ల్.

గది స్పీకర్‌లోంచి హరస్తీ పలకరించాడు. "అది ఆపిల్ కేకేనంటావా?"

"అలాగని చెప్పిందండీ."

"ఆవిడ చెప్పిందల్లా నమ్ముతావా?"

కార్ల్ కిందికి దిగుతున్న ముల్లు వైపు చూశాడు.

"ఇకమీదట దీన్ని అడిగాకేనండీ."