తాతయ్య చూసిన బోర్డు

"విడుదల బటన్ నొక్కేది మీ ఆయనే" అన్నాడు చీఫ్.

ఏజెంట్ పిచ్చుక ముఖంలో ఏమీ కదల్లేదు. పెళ్ళయి నెల తిరగలేదు. ఆయన లెక్కలో ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసు గుమాస్తా.

చీఫ్ తెర వైపు తిరిగాడు. "దీని పేరు వంతెన. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఏ కంపెనీ సర్క్యూట్ బోర్డునైనా ఏ ప్రోగ్రామర్ కంప్యూటర్‌తోనైనా కలుపుతుంది. ఉచితం. కోడ్ అందరి కళ్ళముందే ఉంటుంది. ఆస్పత్రుల్లో మందు ఎక్కించే పంపుల్లోకి ప్రోగ్రామ్ రాసేది దీంతోనే."

"సమస్య?"

"కోడ్ శుభ్రంగానే ఉంది. దాన్నుంచి తయారైన ప్యాకేజీని రాబందు ముఠా మార్చేసిందని కబురు. ఈ మధ్యాహ్నం అది బయటికెళ్ళిందంటే, దాంతో రాసిన ప్రతి పంపులోనూ వాళ్ళ ఆజ్ఞ ఒకటి దాక్కుంటుంది. విడుదల మీద సంతకం మీ ఆయనది. జైలుకెళ్ళేదీ ఆయనే."

"కబురెవరిది?"

"నెమలిది. రెండు వైపులా జీతం తీసుకుంటోంది. నిజమో, మనల్ని ఆడిస్తోందో తెలీదు. సాక్ష్యం కావాలి."

"ఆయన టెస్ట్ చేయందే విడుదల చేయరు సార్. పాత బోర్డు ఒకటుంది, ముద్దుపేరు తాతయ్య. అందులో ప్రోగ్రామ్ రాసి, వేరే కంప్యూటర్‌తో తిరిగి చదివి, రెండూ పోలుస్తారు. తేడా ఉంటే అక్కడే దొరుకుతుంది."

"ఆ టెస్ట్ జరిగేలా చూడు. కాలర్ పిన్నులో మైకుంది. కాఫీ చల్లారిందను, మనవాళ్ళు లోపలికొస్తారు."

గంట తర్వాత ఆయన ల్యాబ్‌లోకి పిచ్చుక ముసలమ్మ వేషంలో వెళ్ళింది: నెరిసిన విగ్గు, దళసరి కళ్ళద్దాలు, కాఫీ ట్రాలీ. లోపల కరిగిన సీసం వాసన. వైర్ల మధ్య ఆయన. పొద్దున నవ్వుతూ తను పెట్టిన చొక్కా గుండీ ఒకటి ఇంకా తప్పు కాజాలోనే ఉంది. పిచ్చుక నవ్వాపుకుంది.

పక్కనే పట్టు స్కార్ఫు, ఖరీదైన సెంటు. బోర్డుల కంపెనీ ప్రతినిధినంటూ వచ్చిన నెమలి.

"టైమైపోయింది సార్. నొక్కేయండి."

"తాతయ్య చూడందే నొక్కనండీ."

"అయితే కానివ్వండి. పెద్దాయన మాట కాదంటామా?" నెమలి వెనక్కి వాలి, గోళ్ళ రంగు చూసుకుంది.

పిచ్చుక కప్పులో కాఫీ పోస్తూ ఆమెనే గమనించింది. ఈ మనిషికి టెస్టంటే భయం లేదు. ఎందుకు లేదు?

ప్రతి చిప్‌కీ సొంత నంబరుంటుంది. తాతయ్య నంబరు కనబడితే బుద్ధిగా ఉండమని దొంగ ప్యాకేజీకి ముందే నేర్పేశారు. అదీ సంగతి.

ఆమె ఏప్రన్ జేబులో అదే మోడల్ బోర్డు ఇంకొకటుంది. ఆయన పెళ్ళి కానుక. కరెంటు ఇస్తే దాని మీది బుల్లి దీపాలు గుండె ఆకారంలో వెలుగుతాయి. ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పక రోజూ వెంట తెచ్చుకుంటుంది. ఇప్పుడు దాని మీద వేరే ప్రోగ్రామ్ రాస్తే ఆ గుండె చెరిగిపోతుంది.

కప్పు ఒరిగింది. బల్ల మీద కాఫీ పారింది.

"అయ్యయ్యో, చెయ్యి వణికింది నాయనా." గుడ్డతో గబగబా తుడిచింది. గుడ్డ కింద బోర్డులు మారాయి.

"తాతయ్య తడిశాడా?"

"చుక్క తగిలితే ఒట్టు."

ఆయన వైరు గుచ్చాడు. రాశాడు. తిరిగి చదివాడు. తెర ఎర్రబడింది.

"ఇదేంటి? రాసిందొకటి, చదివిందొకటి!"

నెమలి చెయ్యి విడుదల బటన్ మీదకి దూకింది. వేలికీ బటన్‌కీ మధ్య వెంట్రుకంత సందు. పిచ్చుక తోసిన ట్రాలీ వెళ్ళి ఆమె కుర్చీని ఢీకొట్టింది. కుర్చీ తిరగబడింది.

"కాఫీ చల్లారింది" అంది పిచ్చుక. తలుపులు తెరుచుకున్నాయి.

బేడీలు పడుతుంటే నెమలి ఆమెను ఎగాదిగా చూసింది. "నీకు జీతమెంతిస్తారు ముసలమ్మా?"

"ఒక్క వైపు నుంచే ఇస్తారమ్మా."

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, జేబులోంచి బోర్డు తీసి బల్ల మీద పెట్టాడు. వైరు గుచ్చి ఏదో రాశాడు. దీపాలు మళ్ళీ గుండెలా వెలిగాయి. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి తాతయ్య అంచు బయటికి కనిపిస్తోంది. ఆయన దాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"మీ ఇన్సూరెన్స్ ఆఫీసులో కాఫీ బాగుంటుందా?"

"తాగేదాకా ఉంటే బాగానే ఉంటుంది."

ఆయన లేచాడు. "ఇకనుంచి ఇంట్లో కాఫీ నేనే పెడతాలే."