అడక్కుండా తాగిన గిన్నె

కొండకి ధూపంగా పొయ్యిలో ధూపీ ఆకు వేసి, ఆ పొగ కిటికీలోంచి కొండవైపు పోయేదాకా అంగ్మూ కదలలేదు. రోజూ చేసే పనే. తరవాత వెన్న టీ చిలికి, ఉడికిన బంగాళాదుంపలు పళ్ళెంలో పోసింది. వెనక్కి తిరిగేసరికి నేలమీద పరిచిన కొండదారి పటంమీద కొడుకు అప్పుడే మూడు దుంపలు పెట్టేశాడు.

"ఇది కింది మకాం. ఇది నడిమిది. ఇదిగో, ఈ బుల్లిది మంచుగోడ కింద పై మకాం," అన్నాడు ఛేవాంగ్.

"నీ పై మకాం ఉడకలేదు," అంది అతని భార్య యాంగ్జీ, గోటితో గిచ్చి చూసి.

"అయితే నడిమిది నాకు," అంటూ కూతురు సోనమ్ రెండో దుంప అందుకుని నోట్లో పెట్టుకుంది. ముగ్గురూ నవ్వారు. అంగ్మూ నవ్వలేదు.

కార్పో శిఖరం లోయ చివర ఉంటుంది. దాని కింద ఈ ఊరే ఆఖరు. పైన ఎవరికైనా ఏమైనా అయితే మోసుకురావాల్సింది ఇక్కడివాళ్ళే. హెలికాప్టర్ రావాలన్నా మబ్బు ఒప్పుకోవాలి. ఛేవాంగ్ వెంట ఎక్కడానికొచ్చిన స్పెయిన్ వాళ్ళిద్దరూ కింది లాడ్జిలో దిగారు. లామా మంచిరోజు కూడా చెప్పేశాడు. అంతలో, తాడు వెనక కొసన ఉండాల్సిన ఫూరీ మోకాలు విరగ్గొట్టుకున్నాడు.

"ఫూరీ బదులు ఎవరు?" అంది అంగ్మూ.

ఛేవాంగ్ పటం మీంచి తలెత్తలేదు. "యాంగ్జీ."

"ఒకే తాడు మీదా?"

"అవునమ్మా. ముందు నేను, మధ్యలో వాళ్ళిద్దరూ, వెనక తను. నా అడుగు ఎటు పడుతుందో తనకి తెలుసు. ఇంతకంటే భద్రం ఇంకేముంది?"

అంగ్మూ టీ గిన్నె గట్టిగా కింద పెట్టింది. ఈ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఒకే కప్పు కింద నిద్రపోయేవాళ్ళు ఇద్దరు ఒకే తాడుకి కట్టుకోకూడదు. అది లామా పెట్టింది కాదు, అంగ్మూ పెట్టింది. ఆమె భర్తా, పెద్దకొడుకూ ఒకే తాడు మీద పోయారు. పోయినవాళ్ళ పేర్లు ఎత్తకూడదు కాబట్టి ఆమె ఎప్పుడూ ఎత్తదు.

"ఈ పిల్లకి రేపు అన్నం ఎవరు పెడతారు? నేనా? నా మోకాళ్ళు చూశావా?"

"ఏమీ కాకముందే ఏడుపేంటమ్మా!"

"అయ్యాక ఏడ్చి చూశానురా. దానివల్ల కూడా ఏం లాభం లేదు."

యాంగ్జీ నెమ్మదిగా, "అత్త అన్నదాంట్లో తప్పేముంది?" అంది.

"సరే! సరే!" ఛేవాంగ్ విసుగ్గా చెయ్యి ఊపాడు. "నువ్వు ఇంట్లో ఉండు. కింది ఊరి దావాని పిలుచుకుంటా. ఇప్పుడు అందరికీ తృప్తేనా?"

యాంగ్జీ లేచి కూతురికి జడ వెయ్యడం మొదలుపెట్టింది. అవసరమైనదానికంటే గట్టిగా లాగుతోందేమో, పిల్ల "అబ్బా!" అంది. అంగ్మూ కోడలి వీపు వంక కాసేపు చూసి, వెనక గదిలోకి వెళ్ళింది.

తిరిగొచ్చినప్పుడు ఆమె చారల ఏప్రాన్ కట్టుకుని ఉంది. చేతిలో కొయ్య సీసా, దాని మూతి చుట్టూ వెన్న బొట్లు. ఛేవాంగ్ పటం మీద వంగి, మంచుగోడ మీద తాడు ఎక్కడ బిగించాలో గీతలు గీస్తున్నాడు. ఆమె గిన్నెలో ఛాంగ్ పోసి అతని ముందు పెట్టింది.

"తాగు, నాయనా."

ప్రయాణానికి పోసే కల్లే కదా అనుకుని అతను చూడకుండానే తాగాడు. ఆమె మళ్ళీ పోసింది. "తాగు, తాగు." మూడోసారీ పోసింది. అదీ తాగి గిన్నె దించాడు. అప్పుడు చూశాడు సీసా మూతికున్న వెన్నని, అమ్మ కట్టుకున్న ఏప్రాన్‌ని. యాంగ్జీ చేతిలో జడ సగంలో ఆగిపోయింది.

అది సాగనంపే కల్లు కాదు. ఒకరి గడపకి వేడుకోవడానికి వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళేది. ఏం కావాలో అడిగాకే తాగాలి. తాగాక కాదనడానికి లేదు. ఆ లోయలో చిన్నపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు.

"అమ్మా, ఇదేంటి? సొంత కొడుకు దగ్గరికా?"

"సొంత కొడుకు మామూలుగా అడిగితే వినడు కదా." అంగ్మూ నేలమీద కూర్చుంది. "ఇంట్లో నువ్వుండు. తాడు ముందు కొస యాంగ్జీ పట్టుకుంటుంది. దావా వెనక ఉంటాడు."

ఛేవాంగ్ ముఖం ఎర్రబడింది. "నేనుండగా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

"పోయిన ఏడు ఏమనుకున్నారో చెప్పనా? మధ్యాహ్నానికి వెనక్కి తిరుగుతానని మాటిచ్చి వెళ్ళావు. తిరిగావా? ఎడం చేతి వేళ్ళ కొసలు మంచుకి పోగొట్టుకుని మర్నాడు వచ్చావు. గోరువెచ్చని నీళ్ళల్లో ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను."

"శిఖరం ఎదురుగా కనపడుతుంటే..."

"అదే ఏడు యాంగ్జీకీ కనపడింది. గాలి మారిందని తిరిగొచ్చేసింది. ఆడది, భయపడిందని ఊరంతా నవ్వారు. నువ్వూ నవ్వావు. అది నలుగుర్ని తీసుకెళ్ళింది, నలుగుర్నీ తెచ్చింది." అంగ్మూ కొడుకు ఎడం చెయ్యి పట్టుకుంది. "మీ నాన్నకి ఎక్కడం బాగా వచ్చు. నీకూ అచ్చం అలాగే వచ్చు. నాకు అదేరా భయం."

అతను ఖాళీ గిన్నెని రెండుసార్లు తిప్పి కింద పెట్టి, పటాన్ని భార్య వైపు జరిపాడు. "గోడ దాటాక అంచుమీద మీకు వెనకనుంచి లేచే మబ్బు కనపడదు," అన్నాడు. "ఇక్కణ్ణించి కనపడుతుంది. వాకీటాకీ నా దగ్గర ఉంటుంది. నేనేం చెబితే అది. వాదించకూడదు."

"వాదించను," అంది యాంగ్జీ. "నువ్వు సరిగ్గా చెబితే చాలు."

శిఖరం ఎక్కే రోజు తెల్లారింది మొదలు ఛేవాంగ్ కిటికీ వదల్లేదు. వాళ్ళు గోడ దాటారు, అంచు ఎక్కారు. పొద్దు నడినెత్తికి వస్తుండగా కనుమ మీద తెల్లటి మబ్బు పొయ్యిమీది పాలలా పొంగింది.

"శిఖరం కనపడుతోంది," అంది యాంగ్జీ గొంతు, గాలిలో ముక్కలు ముక్కలుగా. "రెండు తాళ్ళ దూరం, అంతే. వీళ్ళు వెళ్దామంటున్నారు. ఏం చెయ్యను?"

రెండు తాళ్ళ దూరం. తనైతే పరిగెత్తేవాడు. ఆ మంచు ఎలా ఉంటుందో, అక్కడ ఊపిరి ఎలా పలుచబడుతుందో అతనికి తెలుసు. ఆగమని తనకి ఎవరైనా చెబితే వినపడలేదని అనేవాడు కూడా. వెనక అమ్మ పొయ్యిలో ఆకు వెయ్యడం కూడా ఆపేసింది. సోనమ్ అతని మోకాలిని పట్టుకుని నిలబడింది.

"తిరుగు," అన్నాడు.

వాకీటాకీలో గాలి హోరే వచ్చింది.

"యాంగ్జీ! తిరుగు! మబ్బు వచ్చేసింది. తిరుగు, తల్లీ!"

గరగర. తరవాత, "తిరిగాం."

కాసేపటికి అంచు మొత్తం తెల్లగా మునిగిపోయింది. ఇక చూడ్డానికి ఏమీ లేదు, వినడమే. ఛేవాంగ్ వాకీటాకీని ఒళ్ళో పెట్టుకున్నాడు. సాయంత్రం వెలుగు పోతుండగా అది మళ్ళీ పలికింది. నలుగురూ పై మకాంలో ఉన్నారు. దావా సూప్ కాస్తున్నాడు.

ఛేవాంగ్ నేలమీద కూలబడి మోచేతి మడతలో ముఖం దాచుకున్నాడు. సోనమ్ భయపడి నానమ్మ వైపు చూసింది.

"ఇంట్లో కూర్చోవడం ఇలా ఉంటుందని ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అన్నాడు.

"చెప్పాను. ప్రతిసారీ చెప్పాను. అప్పుడు నువ్వు బూట్లు కట్టుకుంటూ ఉండేవాడివి."

అంగ్మూ కొయ్య సీసా తెచ్చి, గిన్నె నింపి కొడుకు ముందు పెట్టింది. అతను కళ్ళు తుడుచుకుని గిన్నెని ముట్టుకోకుండా తల్లి వైపు చూశాడు.

"ఈసారి ఏం అడుగుతావు?"

"ఏమీ లేదు," అంది అంగ్మూ, అతని జుట్టు మీద చెయ్యి వేసి. "తాగు."