ముద్ర లేని చోదకం

ఆ ఉదయం పరీక్షకురాలు వకుళ బల్ల మీదికి వచ్చిన పదకొండో అవయవం ఒక కుడిచెయ్యి. అంతకుముందు నాలుగు చెవులు, మూడు మోకాళ్లు, మూడు పాదాలు పరీక్ష ముగించుకుని యజమానుల వెంట వెళ్లిపోయాయి. విశాఖలోని కృత్రిమాంగ పరీక్షాలయానికి ఏటా ఒకసారి రావడం జనానికి ఎప్పుడో అలవాటైపోయింది. మోకాలిని సంచిలో వేసుకుని బస్సెక్కేవాణ్ని ఎవరూ వింతగా చూడరు.

చేతిని తెచ్చిన నూకరత్నానికి నలభై ఏళ్లుంటాయి. వరాహ నది ఒడ్డున లక్కబొమ్మలు చేస్తుంది. ఎడమచేత్తో చీర కొంగు మెలిపెడుతూ వకుళ ముందున్న కంప్యూటరు తెరకేసి చూస్తోంది.

"ఇందులో కొత్త చోదకం ఒకటి ఉంది. ఎవరు వేశారు?" అని అడిగింది వకుళ.

"నాకేటి తెల్దు అమ్మగారూ."

చోదకమంటే మనిషి నాడికీ యంత్రానికీ నడుమ కూర్చుని, ఒకరి మాట మరొకరికి చేరవేసే చిన్న ఫైలు. అంత లోతున ఉంటుంది కనుకనే దానికి అంత అధికారం. చెడ్డ చోదకం చొరబడితే చెయ్యి యజమాని గొంతునే పట్టుకోగలదు. అందుకే ప్రతి చోదకానికీ తయారీదారు ముద్ర ఉండాలన్నది చట్టం. దీనికి ముద్ర లేదు. పట్టికలోని రెండు లక్షల చోదకాలలో దేనితోనూ ఇది సరిపోలలేదు. ఎక్కడిదో తేలని ఫైలును సాయంత్రం కార్యాలయం మూసేలోగా చెరిపివేయాలి.

ఆ మాట చెప్పగానే నూకరత్నం లేచి నిలబడింది.

"తీసీకండి అమ్మగారూ! అదొచ్చాకే నాకు యేడి తెలుస్తంది."

తిరిగే కొయ్యకు లక్క కడ్డీని ఒత్తితే, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. వేడి చాలకపోతే మచ్చలు పడుతుంది, మించితే మాడుతుంది. ఆ తేడా కడ్డీ పట్టుకున్న వేళ్లకే తెలియాలి.

"మీకు వేడి తెలిపే నాడి చచ్చిపోయిందని రికార్డులో ఉందే?"

"సచ్చిపోనాదే. మూడేళ్లు నాను మాడ్సీసిన బొమ్మలకి లెక్క నేదు. మొన్న యేసంగిలో ఓనాడు కడ్డీ పట్టుకుంటే సుర్రుమంది. మిసను ఆపీసి ఏడిసినాను."

వకుళ ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తోంది. తెలియనిదల్లా చెడ్డది కాదని ఎంత ఎరుగునో, మేలు చేసినదల్లా మంచిది కాదనీ అంతే ఎరుగును. ఫైలు ప్రతిని ఏకాంత పేటికలోకి దింపింది. అక్కడ చోదకం తాను నిజమైన దేహంలోనే ఉన్నాననుకుని పనిచేస్తుంది, దాని వల్ల ఎవరికీ హాని కలగదు. గంటన్నర గమనించింది. అది బయటివారెవరితోనూ మాట్లాడలేదు. నొప్పి హద్దు దాటలేదు. వేడి సంకేతాన్ని చచ్చిన నాడికి కాక, పక్కనున్న బతికిన నాడికి మళ్లిస్తోంది, అంతే.

ఇక తేలవలసింది పుట్టుక. ఫైలు పుట్టిన చోటు వెతికితే, ఆ చెయ్యే కనబడింది. తన చోదకాన్ని తానే రాసుకుంది! ఎందుకు రాసుకుంది? నాడుల జాడలు తీసి చూస్తే, ఉదయపు జాడ ఒకలా, మధ్యాహ్నపు జాడ మరొకలా ఉన్నాయి.

"మధ్యాహ్నం పూట ఈ చెయ్యి ఎవరు తొడుక్కుంటున్నారు?"

నూకరత్నం చూపు తలుపు వైపు పోయింది. ఒకరికి కేటాయించిన అవయవాన్ని మరొకరికి ఇవ్వడం నేరం, చెయ్యి వెనక్కి తీసుకుంటారు. చెప్పకపోతే పుట్టుక తేలదు, ఫైలు పోతుంది.

నూకరత్నం వెంట వచ్చి తలుపు బయట కూర్చున్న మనిషి గభాలున లోపలికొచ్చింది. ఆమెకూ కుడిచెయ్యి లేదు. "నానేనమ్మగారూ. అసిరమ్మంటారు. తప్పు నాది. దాన్నేటీ అనకండి."

"నువ్వూరుకో అప్పా!" అని అక్కను కసిరినట్టు కసిరి, నూకరత్నం వకుళ వైపు తిరిగింది. "దీని దరకాస్తు రెండేళ్లై తేలనేదు. మా సాలలో ఎవులి ఉలి ఎవులు తీసినా అడగం. ఉలి ఇస్తాం, లక్క ఇస్తాం, సెయ్యి ఇవ్వమేటి?"

వకుళకు కార్యకారణాలన్నీ ఒక్కసారిగా వరుసలో కుదురుకున్నాయి. ఒక చేతికి ఒకే మనిషి ఉంటాడని తయారీదారులు నమ్మారు. చెయ్యీ అదే నమ్మింది. అందుకే ఉదయం చచ్చిన నాడి మధ్యాహ్నం పలికేసరికి, తన ఒక్క యజమానికి రెండు రకాల నాడులున్నాయని అనుకుంది. వేడి ఎలా ఉంటుందో అసిరమ్మ నాడుల దగ్గర నేర్చుకుని నూకరత్నానికి అందించింది. వేళ్ల పట్టు నూకరత్నం దగ్గర నేర్చుకుని అసిరమ్మకు ఇచ్చింది.

వకుళ వివరించి చెప్పాక అసిరమ్మ బల్ల మీది చేతి దగ్గరికి వచ్చి నిలబడింది.

"రెండేళ్లు దీని సేత్తో బతుకుతన్నానని తలెత్తలేకపోనాను. నావల్లే దీనికి యేడి తెలిసిందా?"

"మీవల్లే. అయితే ఒక సంగతి ఉంది. ఇద్దరి నాడులతోనూ సరిచూసుకుంటూ ఉంటేనే ఈ చోదకం నిలుస్తుంది. ఒక్కరే వాడితే నలభై రోజుల్లో చెరిగిపోతుంది. అసిరమ్మగారూ, ఇప్పుడే రికార్డు చూశాను, మీ చెయ్యి మంజూరైంది. సోమవారం వస్తుంది."

రెండేళ్లుగా కోరుకున్న కబురు. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

"వొస్తే రానీ," అంది చివరికి అసిరమ్మ. "పొద్దున్న నాది నువ్వెట్టుకో, నీది నానెట్టుకుంటాను. మద్దేనం మార్సుకుందాం."

"నేరం గదప్పా."

సురక్షితమని తేల్చిన ఏ చోదకానికైనా వాడకపు షరతు విధించే అధికారం పరీక్షకులకు ఉంది. దాన్ని ఇలా ఉపయోగిస్తారని చట్టం రాసినవారు ఊహించి ఉండరు. వకుళ కలం తీసి రాసింది: "ఈ చోదకం సురక్షితం. షరతు: ఈ చేతిని ఇద్దరూ ప్రతిదినం వాడుతూ ఉండవలెను. మానినచో ధ్రువపత్రం రద్దగును." యజమాని పేరుకు ఒకే గీత ఉంటే, దాని కింద చేత్తోనే మరో గీత గీసింది. తయారీదారు ముద్ర ఉండవలసిన చోట తన ముద్ర వేసింది. రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పవలసింది తనే.

కాగితం చదివి వినిపించాక చేతిని ముందుకు జరిపింది. నూకరత్నం దాన్ని తీసి తాను తొడుక్కోలేదు, అసిరమ్మ మోచేతికి బిగించింది. అసిరమ్మ ఆ వేళ్లను మెల్లగా మడిచి చూసుకుని, నూకరత్నం చెంప మీద ఆనించింది.

"ఒల్లు కాలిపోతందేటే? జొరమా?"

"జొరం గాదప్పా. ఏడుస్తన్నాను."