ఇది విన్నావా

ఆ ఇంట్లో తెల్లవారేది కుట్టుమిషను చప్పుడుతో కాదు, "ఇది విన్నావా" అన్న మాటతో. ముందుగదే కొట్టు. కిటికీ పక్కన మిషను, దాని ముందు టైలరు, ఎదురుగా పొట్టి కుర్చీలో ఆయన భార్య. ఆయన కత్తిరించి కుడితే, ఆవిడ కాజాలు తీసి, గుండీలు వేసి, ఇస్త్రీ చేసేది. ఇద్దరి మధ్యా బట్టల గుట్ట, ఆ గుట్ట మీద ఆయన ఫోను.

టైలరు చదువు బడితోనే ఆగిపోయింది గానీ చదివే పిచ్చి ఆగలేదు. సైన్సు వింతలంటే చెవి కోసుకునేవాడు. చుక్కలు, చీమలు, సముద్రపు జీవాలు, మనిషి మెదడు, ఏదైనా సరే. పొద్దున్నే ఫోనులో ఒక వింత పట్టుకునేవాడు, ఇక రోజంతా కొలతలిచ్చేవాళ్ళకి అదే వడ్డన. రెండు చేతులూ పైకెత్తి, నడుం చుట్టూ టేపుతో నిలబడ్డవాడు ఎక్కడికని పారిపోతాడు? అందుకే వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన విన్నావా టైలరే.

ఒక్కటే లోపం. వింత దొరికేదాకా చదివేవాడు, దొరకగానే ఆపేసి చెప్పడం మొదలుపెట్టేవాడు. మిగతా సగం అలాగే పడి ఉండేది. "తర్వాత ఏమైందట?" అని భార్య అడిగితే, "అసలు సంగతి చెప్పేశాను కదే" అనేవాడు. కుట్టులో మాత్రం ఆయన ఏనాడూ సగంలో వదిలింది లేదు. మనిషి సంగతి అంతే, ఒక చోట ఉన్న ఓపిక ఇంకో చోట ఉండదు.

ఆ ఉదయం కూడా అలాగే మొదలైంది.

"ఇది విన్నావా? ఆక్టోపస్‌కి మూడు గుండెలట."

"ఒక్కదానితోనే వేగలేక చస్తున్నాం, దానికి మూడెందుకు?" అంది ఆవిడ, గుండీకి దారం చుడుతూ.

"నవ్వకు, విను. అది ఈదుతున్నప్పుడు ఆ మూడింట్లో ఒకటి ఆగిపోతుందట. అందుకే తొందరగా అలిసిపోతుందట. ఈదడం కంటే పాకడమే దానికి హాయట."

"తర్వాత?"

"తర్వాతేముంది, అదే సంగతి."

ఆవిడ సూది ఆగిపోయింది. తల తిప్పి ఇస్త్రీ బల్ల వైపు చూసింది. "ఇస్త్రీ పెట్టె ఆపారా? గుడ్డ మాడుతున్న వాసన."

ఇస్త్రీ పెట్టె అసలు వెయ్యనే లేదు. టైలరు ముఖం వెలిగిపోయింది. మిషను ఆపి, కుర్చీని ఆవిడ వైపు తిప్పుకున్నాడు. "వచ్చిందా? ఈసారి ఎలా ఉంది? నూలుదా, ఉన్నిదా?"

కొన్ని నెలలుగా ఆవిడకి ఈ వాసన వస్తోంది. మొదట్లో ఇద్దరూ ఇల్లంతా వెతికేవాళ్ళు. తర్వాత ఒకరోజు ఆయన ఫోనులో దాని గురించే చదివాడు. లేని వాసనని మెదడే పుట్టించుకుంటుందట, దానికి పెద్ద పేరు కూడా ఉందట. ఇక చూడాలి ఆయన సంబరం. వచ్చినవాళ్ళందరికీ "మా ఆవిడది మామూలు ముక్కు కాదండీ" అని మొదలుపెట్టేవాడు. పని లేనప్పుడు ఆవిడ కళ్ళకి గుడ్డ కట్టి, ముక్కు దగ్గర కాఫీ పొడి, సబ్బు, మిషను నూనె పెట్టి పరీక్షలు చేసేవాడు. ఆవిడ అన్నీ సరిగ్గా చెప్పేది. ఆయన చప్పట్లు కొట్టేవాడు. ఆవిడ కడుపుబ్బ నవ్వేది.

"నూలే అనుకుంటా" అంటూ ఆవిడ లేచింది. చేతిలో చొక్కా పట్టుకుని, ఎవరో పిలిచినట్టు ఒక పక్కకి చూస్తూ నిలబడిపోయింది. ఆయన పిలిస్తే పలకలేదు. మరుక్షణం కూలబడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాయి. టైలరు కేక పెట్టాడు. ఎదురింటి వాళ్ళొచ్చి బండి పిలిచేదాకా ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

కూతురు టీచరు. పాఠం మధ్యలో వదిలేసి, చేతికి సుద్దపొడితో ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. అప్పటికే స్కానింగ్ అయిపోయింది. డాక్టరు చిన్న వయసు ఆవిడ, నెమ్మదస్తురాలు. ఇంతకు ముందు ఏమైనా తేడా గమనించారా అని అడిగింది.

అదేం అలవాటో గానీ, టైలరు అంత భయంలోనూ గడగడా చెప్పుకొచ్చాడు. వాసన సంగతీ, అది మెదడు చేసే మాయన్న సంగతీ, చివరికి ఆ పెద్ద పేరూ.

డాక్టరు రాస్తున్నది ఆపింది. "పేరు కూడా తెలుసా మీకు?" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు, ఆశ్చర్యమే. "తలలో గడ్డ ఉందండీ. ఆ వాసన దానివల్లే. చూస్తే చెడ్డ రకంలా లేదు, కానీ బాగా పెరిగింది. మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే ఆపరేషను తేలికయ్యేది. ఇప్పుడు కొంచెం కష్టమే, అయినా చేద్దాం."

బయట వరండాలో టైలరు బల్ల మీద కూర్చున్నాడు. కూతురు కూర్చోలేదు.

"నెలల తరబడి తెలుసు నీకు" అంది.

"రోగం అనుకోలేదమ్మా."

"మరేమనుకున్నావు? నాతో కూడా ఫోనులో నవ్వుతూ చెప్పావు, మీ అమ్మ ముక్కు సంగతి విన్నావా అని. నీ మాటలు నమ్మి నేనూ నవ్వాను." చేతికున్న సుద్దపొడిని దులుపుకుంది. "నువ్వు చెప్పే చుక్కల కబుర్లు వింటూ పెరిగాను నాన్నా. బళ్ళో పిల్లలకి ఇప్పటికీ నీ మాటలే చెబుతాను. అమ్మకి జబ్బు చేస్తే నువ్వు దాన్ని కూడా కబురే చేశావు. కొలతలకొచ్చిన వాళ్ళందరికీ పంచావు."

టైలరు తల దించుకున్నాడు.

"ఆ చదివింది ఫోనులో ఇంకా ఉందా? ఇటివ్వు."

ఆమె నిలబడే దాన్ని మొదటి నుంచీ చివరిదాకా చదివింది. చివరి పేరా దగ్గర ఆగి, బళ్ళో పాఠం చదివినట్టు ఒక్కో మాటా విడిగా పైకి చదివింది. "ఇలాంటి వాసనలు పదే పదే వస్తుంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించుకోవాలి." ఫోను ఆయన చేతిలో పెట్టి అడిగింది. "ఇది విన్నావా నాన్నా?"

ఆయన వినలేదు. అంత దూరం చదవలేదు.

ఆపరేషను గండం గడిచింది. గడ్డ మంచి రకమేనని తేలింది. ఆవిడ ఇంటికొచ్చింది, తల ఒక పక్కంతా గొరిగి, చెవి మీదుగా పొడుగాటి కుట్లతో. కూతురు సెలవు పెట్టి వచ్చి పుట్టింట్లోనే ఉంది. మాత్రలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో తప్ప తండ్రితో వేరే మాట లేదు.

టైలరు ఫోనుని గుండీల సొరుగులో పడేశాడు. పొద్దున్నే మిషను చప్పుడు ఒక్కటే వినిపించేది. కొలతలిచ్చేవాళ్ళు చేతులెత్తి నిలబడి ఇవాళ్టి వింత కోసం ఎదురుచూసేవాళ్ళు. ఆయన "ఇటు తిరగండి" అనేవాడు, "అయిపోయింది" అనేవాడు. ఇన్నాళ్ళూ వదిలిపెడితే చాలనుకున్నవాళ్ళే ఏమైందని గుచ్చి గుచ్చి అడిగారు. పక్కగదిలో మంచం మీద పడుకుని ఆవిడ ఇదంతా వింటూనే ఉంది.

ఆవిడ తలకి కట్టిన రుమాలు మాటిమాటికీ జారిపోయేది. ఒక ఉదయం టైలరు మెత్తటి గుడ్డ తీసుకొచ్చి, "టోపీ కుడతాను, లేచి కూర్చో" అన్నాడు. ఊళ్ళో వాళ్ళందరి కొలతలూ తీసిన చెయ్యి భార్య తల చుట్టూ టేపుని మెల్లమెల్లగా తిప్పింది. కుట్ల దగ్గరికి వచ్చేసరికి టేపుని గాలిలోనే ఉంచాడు.

"ఇవాళ ఏం వచ్చింది?" అని అడిగింది ఆవిడ.

"ఏం రాలేదు."

"ప్రపంచం ఆగిపోయిందా?"

"నాకిప్పుడు అవన్నీ ఎందుకే."

గ్లాసులో పాలు తెచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగింది. "మళ్ళీ ఆ కబుర్లెందుకమ్మా? పడింది చాలదా?"

"నువ్విలా రా, కూర్చో" అంది తల్లి. "ఆసుపత్రిలో మీ నాన్నని నిలదీశావట."

"నిలదీశాను. తప్పా?"

"తప్పు కాదు. సగమే తెలిసి నిలదీశావు. ఎంతైనా ఆయన కూతురివి కదా."

కూతురు ముఖం చిన్నబోయింది. తల్లి టేపు కొసని చేతిలోకి తీసుకుంది. చుడుతూ విప్పుతూ నెమ్మదిగా చెప్పింది.

"తలనొప్పులు ఆ వాసన కంటే ముందు నుంచే ఉన్నాయి. పొద్దున్నే లేస్తే తల పగిలిపోయేది. ఒక్కోసారి సూది వేలిలో దిగినా తెలిసేది కాదు, గుడ్డ మీద రక్తం చూసి తెలుసుకునేదాన్ని. అవేవీ చెప్పలేదు. వాసన సంగతి ఒక్కటే చెప్పాను."

టైలరు నిశ్చేష్టుడై చూశాడు. "ఎందుకు చెప్పలేదే?"

"తలనొప్పి అందరికీ వస్తుంది. అందులో వింతేముంది?"

ఆవిడే మళ్ళీ అంది.

"వాసన అనగానే మీరు మిషను ఆపారు. కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. ఎలా ఉంది, ఎంతసేపుంది, ముందుకంటే ఎక్కువా తక్కువా అని ఒకటే అడగడం. కాపరానికొచ్చినప్పటి నుంచీ చీమల గురించి విన్నాను, చుక్కల గురించి విన్నాను. నాకవి ఇష్టమే, అబద్ధమెందుకు. కానీ మీరు నన్ను అడగడం, నేను చెబుతుంటే వినడం, ఆ వాసనతోనే మొదలైంది. తలనొప్పి సంగతి చెబితే అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవారు. అది నాకు తెలుసు. కానీ తీసుకెళితే ఆ కబురు అయిపోయేది. ఇంకో నాలుగు రోజులు చూద్దాంలే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఉన్నాను." ఆవిడ కళ్ళలో నీళ్ళు నిండాయి. "వయసొచ్చాక ఇదేం బుద్ధో నాకు."

టైలరు మంచం అంచున కూలబడ్డాడు. ఏడవడం చేతకాని మనిషి, ఏడుపు వచ్చేసరికి దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. టేపు మెడలో వేలాడుతుండగా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "నేను నీ మాట వినడానికి నీకు రోగం రావాల్సి వచ్చిందా" అన్నాడు. "ఎదురుగానే కూర్చున్నావు కదే. ఇన్నేళ్ళూ ఎదురుగానే ఉన్నావు."

"నేనూ నోరు విప్పలేదుగా."

"నేను అడగలేదు."

కూతురు పాల గ్లాసు కింద పెట్టి తండ్రి పక్కన కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మ వేళ్ళకి పట్టీలు నేనూ చూశాను నాన్నా. సూదిపని కదా అనుకున్నాను. ఏమ్మా ఎలా ఉన్నావు అని ఫోనులో అడిగి, బాగున్నాను అనగానే నీకివ్వమనేదాన్ని, ఇవాళ్టి వింత చెబుతావని." ముగ్గురూ కాసేపు అలాగే ఏడ్చారు. ఏడ్చి లేచాక ఇల్లు కొంచెం తేలికపడింది.

మర్నాటికి టోపీ తయారైంది. లోపల అతుకు కుట్ల మీదికి రాకుండా, పక్కకి జరిపి కుట్టాడు. ఆవిడ అది పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, తన పొట్టి కుర్చీలో కూర్చుంది. సొరుగు లాగి, గుండీల మధ్య నుంచి ఫోను తీసి ఆయనకిచ్చింది.

"ఆ ఆక్టోపస్ సంగతి సగంలో ఆపారు ఆవేళ. మిగతాది చదవండి."

టైలరు వద్దనబోయాడు. కూతురు గుమ్మానికి ఆనుకుని, "చదువు నాన్నా" అంది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ వార్తని వెతికి పట్టుకున్నాడు. ఈసారి మొదటి నుంచి చదివాడు. మూడు గుండెలూ, ఈదేటప్పుడు ఒకటి ఆగడమూ, అలిసిపోవడమూ అన్నీ అయ్యాక, ఎప్పుడూ ఆపే చోట ఒక్క క్షణం తడబడి, ముందుకి సాగాడు. ఈత మాని అది ఏ రాయి మీదో కుదురుగా కూర్చోగానే, ఆగిన గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెడుతుందట. ఆ తర్వాత అంత ఆసక్తి లేని సంగతులు చాలా ఉన్నాయి. అవి కూడా చదివాడు. చివరి మాట దాకా చదివి ఫోను కింద పెట్టాడు.

"అంతేనా?" అంది ఆవిడ.

"అంతే. ఇక ఏం లేదు."

ఆవిడ టోపీ అంచు సవరించుకుంది. కొంచెం సిగ్గుపడుతూ, ఆ ఇంట్లో తను ఏనాడూ అనని మాట అంది.

"అయితే ఇది విన్నారా?"

టైలరు ఆవిడ వైపు చూశాడు. మిషను మీద సగం కుట్టిన కోటు ఉంది, మధ్యాహ్నానికి దాని తాలూకు మనిషి వస్తాడు. ఆయన కోటుని పక్కన పెట్టి, కుర్చీని ఆవిడ వైపు తిప్పుకున్నాడు.

"చెప్పు."

"ఆ స్కానింగ్ గొట్టంలో పడుకోబెట్టినప్పుడు నాకు చాలా భయం వేసింది" అని మొదలుపెట్టింది. ఏ పత్రికలోనూ రాని సంగతి. మధ్యలో ఆగింది, వెనక్కి వెళ్ళింది, చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఆయన మధ్యలో ఏ పెద్ద పేరూ చెప్పలేదు, కారణాలేవీ చెప్పలేదు. చివరిదాకా విన్నాడు.