నూట యాభయ్యో కార్జం

"నాకే జబ్బు లేదు మేడం. నన్నెందుకు పండుకోమంటున్నరు?"

"జబ్బు లేదనే పండుకోమంటున్న," అంది మైత్రి.

సిద్దిపేట దవాఖానలో స్కానింగ్ డాక్టరు కావడానికి పీజీ చదువుతోంది ఆమె. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కాలేయం, అంటే కార్జం, మామూలుగా ఎంతుంటుందో కొలవడమే ఆమె థీసిస్. నూట యాభై మంది కావాలి, సోమవారం గడువు. నూట నలభై తొమ్మిది దగ్గర బండి ఆగింది. జబ్బు లేనివాడు దవాఖాన గడప ఎందుకు తొక్కుతాడు? అందుకే తన తల్లి కనకవ్వను బీపీ గోలీల కోసం కొండపాక నుంచి తీసుకొచ్చిన రాకేష్‌ను వరండాలోనే పట్టుకుంది. మనిషి చూడముచ్చటగా ఉన్నాడని పట్టుకున్నాకే గమనించింది.

"పొద్దున ఏమన్న తిన్నరా?"

"లేదు. తాటిచెట్లు దిగి సీదా గిటే వచ్చిన. కల్లు గీస్త."

మైత్రి పెన్ను దానంతటదే కదిలి, 'మద్యం అలవాటు' ఎదురుగా 'ఉంది' అని రాసేసింది. తాగేవాళ్లు లెక్కలోకి రారు. "అయ్యో, మీరు పనికిరారు," అంది.

రాకేష్ కాగితంలోకి చూశాడు. "నన్ను అడిగిన్రా?"

"కల్లు గీస్తున్నరు గదా..."

"గీసుడు నా పని. చుక్క ముట్టను. తాగి చెట్టెక్కితే దిగుడుండది మేడం, పడుడే."

చెప్పులేసుకుని తల్లితో వెళ్లిపోయాడు. ఆ పూట మైత్రికి అన్నం సహించలేదు. బాధ థీసిస్ గురించి కాదని ఆమెకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి కొండపాక తాటివనానికి పోయింది. రాకేష్ చెట్టు పైన ఉన్నాడు.

"నిన్నటి కాయితం చింపేసిన," కింది నుంచి అరిచింది. "ఈసారి అడిగి రాస్త."

"అడుగుండ్రి."

"కల్లు తాగుతరా?"

"తాగను."

"కోపం తగ్గిందా?"

"గది గూడ ఉన్నదా కాయితంల?"

"లేదు. పెండ్లయిందా?"

పైన కత్తి ఆగింది. "కాలే. గిది ఉన్నదా?"

"గిది నేను కలిపిన."

చెట్టు అంత ఎత్తుండటం మంచిదే అయింది. ఎర్రబడ్డ ఆమె మొహం అతనికి కనపడలేదు.

శనివారం పరగడుపునే వచ్చాడు, వెంట కనకవ్వ. పొట్ట మీద జెల్ రాస్తే "సల్లగున్నది" అని నవ్వాడు.

"గాలి పీల్చి ఆపుండ్రి."

ఆపాడు. మైత్రి తెర మీద పై అంచు నుంచి కింది అంచు దాకా కొలిచింది. తర్వాత అతని మొహం చూసింది. చూస్తూనే ఉండిపోయింది. పాపం రాకేష్ కందగడ్డలా ఎర్రబడి, ఇక ఆగలేక బుస్సుమన్నాడు.

"వదలమని చెప్పలే మేడం."

"మర్సిపోయిన. పదమూడున్నర సెంటీమీటర్లు, నార్మల్."

కనకవ్వ ముందుకొచ్చింది. "మావోని కార్జం మంచిగున్నదన్నట్టు. మరి నీది ఎట్లున్నదో సూస్కున్నవా బిడ్డా? బక్కగున్నవ్."

"అందరికంటె ముందు నాదే కొలిచి నేర్చుకున్న, అత్తమ్మా."

ఆ పిలుపు ఎట్లా జారిందో మైత్రికే తెలియదు. నాలుక కరుచుకుంది. జెల్ తుడుచుకుంటున్న రాకేష్, ఎవరూ చెప్పకుండానే గాలి పీల్చి ఆపాడు.

కనకవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కొంగులోంచి ఫోను తీసింది.

"సోమవారం నీ పరీక్షేదో అయిపోగొట్టుకో. బేస్తవారం మంచిరోజు. మీ నాయిన నంబరు చెప్పు బిడ్డా."

అప్పుడు గానీ రాకేష్ ఊపిరి వదల్లేదు.